ముప్పై పాటలు వచ్చినా శ్రుతి మార్చడం రాలేదు: స్కేల్స్, కార్డులు, ఫ్రెట్‌బోర్డ్, వీటిలో ముందు ఏది?

మియాపూర్ మెట్రో
గిటార్ మొదలుపెట్టి రెండున్నరేళ్లయింది. ఒక శిక్షణ కేంద్రంలో ఆరు నెలలు చేరాను, ఆ తరువాత వీడియోలు చూస్తూ సొంతంగా సాధన చేస్తున్నాను. ముప్పై పాటల దాకా కాగితం చూడకుండా కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) వాయించగలను. శిక్షణ కేంద్రంలో మొదటి నెలలోనే పెంటటానిక్ స్కేల్ (ఐదు స్వరాల వరుస) అని చెప్పి, ఐదు బాక్సులు, అంటే వేళ్లు పెట్టే చోట్ల పటాలు, గీసిన జిరాక్స్ కాగితం చేతికిచ్చారు. వాటిని పైకీ కిందికీ వేగంగా వాయించడం వచ్చింది గానీ, అవి పాటలో ఎక్కడ పనికొస్తాయో వారు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొన్న ఉగాదికి మా అపార్ట్‌మెంట్‌లో పాటల కార్యక్రమం పెట్టుకున్నాం. నాలుగో అంతస్తులో ఉండే పిన్నిగారు పాడతానన్నారు. ఆ పాటను నేను సి మేజర్‌లో నేర్చుకున్నాను. ఆవిడ కూర్చుంటూనే "నాది ఐదున్నర బాబూ, ఆ శ్రుతిలో అందుకో" అన్నారు. ఐదున్నర అంటే ఏమిటో నాకు తెలియలేదు. పక్కన కీబోర్డు పట్టుకున్న పదో తరగతి అబ్బాయి శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నాలుగుసార్లు నొక్కి వాయించడం మొదలుపెట్టాడు. పాట పూర్తయ్యేవరకూ నేను గిటార్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రి ఇంటికి వచ్చి, మూడో తీగ మీద ఏడో ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది ఏడో మెట్టులో) ఏ స్వరం ఉందని నన్ను నేను ప్రశ్నించుకుంటే, ఖాళీ తీగ స్వరమైన జి నుంచి వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ వెళితే గానీ అది డి అని తేలలేదు.

రోజుకు నలభై నిమిషాలు మాత్రమే దొరుకుతాయి. పాటలు పక్కన పెట్టి స్కేల్స్ పట్టుకోవాలా, కార్డులు ఎలా పుడతాయో చదవాలా, ఫ్రెట్‌బోర్డ్ అంతా కంఠస్థం చేయాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కోఠి కీబోర్డు
ముందు ఆ ఐదున్నర సంగతి తేల్చుకుందాం. మన గాయకులు చెప్పే అంకెలు హార్మోనియం మీటల లెక్క. సి ఒకటి, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ఎ ఆరు, బి ఏడు. మధ్యలో ఉన్న నల్ల మీటలకు అన్నర చేరుతుంది. కాబట్టి ఐదున్నర అంటే జి షార్ప్, జికి పక్కనే పైనున్న నల్ల మీట. మూడున్నర, ఏడున్నర ఉండవు, ఎందుకంటే ఇ, ఎఫ్‌ల మధ్య గానీ బి, సిల మధ్య గానీ నల్ల మీట లేదు.

ఆరో తీగ
కోఠి కీబోర్డు గారు చెప్పిన చివరి వాక్యం దగ్గరే మీ ప్రశ్నకు సమాధానం మొదలవుతుంది. ఆ రెండు జంటల మధ్య ఖాళీ లేదని, మిగతా చోట్లన్నీ ఒక ఫ్రెట్ ఖాళీ ఉందని గుర్తుంటే, ఏ తీగ మీదైనా స్వరాల పేర్లు మీరే రాసుకోవచ్చు. ఆరో తీగను, అంటే అన్నిటికంటే లావైనదాన్ని, ఖాళీగా మీటితే ఇ. ఒకటిలో ఎఫ్, మూడులో జి, ఐదులో ఎ, ఏడులో బి, ఎనిమిదిలో సి, పదిలో డి, పన్నెండులో మళ్లీ ఇ. ఐదో తీగ ఖాళీగా ఎ. రెండులో బి, మూడులో సి, ఐదులో డి, ఏడులో ఇ, ఎనిమిదిలో ఎఫ్, పదిలో జి. ముందు ఈ రెండు తీగలే చాలు, ఎందుకంటే ఆ రోజు మీకు అవసరమైన బార్ కార్డుల (చూపుడు వేలిని తీగల మీద అడ్డంగా నొక్కి పట్టే కార్డుల) పేర్లన్నీ వీటి మీదే ఆధారపడతాయి. ఇ మేజర్ ఆకారాన్ని నాలుగో ఫ్రెట్ దగ్గర పట్టుకుంటే ఆరో తీగ మీద ఉన్న స్వరం జి షార్ప్, కాబట్టి ఆ కార్డు కూడా జి షార్ప్ మేజరే.

ఫ్రెట్‌బోర్డ్ మొత్తాన్ని ఒకేసారి కంఠస్థం చేయబోయి నేను రెండుసార్లు మధ్యలో వదిలేశాను. మూడోసారి రోజుకు ఒకే స్వరం పెట్టుకున్నాను. సోమవారం సి అనుకుంటే, ఆరో తీగ మీద ఎనిమిది, ఐదో తీగ మీద మూడు, నాలుగో తీగ మీద పది, మూడో తీగ మీద ఐదు, రెండో తీగ మీద ఒకటి, ఒకటో తీగ మీద మళ్లీ ఎనిమిది. మెట్రోనోమ్‌ను (సమానంగా దెబ్బలు కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టుకుని, నాలుగు దెబ్బలకొక చోటు చొప్పున, పేరు పైకి పలుకుతూ మీటాలి. పలకకుండా వాయిస్తే వేలికి చోటు గుర్తుంటుంది గానీ మనసుకు పేరు గుర్తుండదు. ఏడు రోజులకు ఏడు స్వరాలు అవుతాయి. షార్ప్‌లు, ఫ్లాట్‌లు వాటి పక్కనే ఉంటాయి కాబట్టి వాటికి వేరే వారం అక్కర్లేదు.

బేగంపేట బేస్
నేను నాలుగు తీగల బేస్ వాయిస్తాను. మా తీగలు ఇ, ఎ, డి, జి. ప్రతి జంట మధ్యా ఐదు ఫ్రెట్ల దూరమే కాబట్టి ఒక ఆకారం నేర్చుకుంటే ఎక్కడికి జరిపినా చెక్కుచెదరదు. గిటార్‌లో మూడో తీగకూ రెండో తీగకూ మధ్య మాత్రం నాలుగు ఫ్రెట్ల దూరమే ఉంది. చెవితో శ్రుతి చేసేటప్పుడు మిగతా తీగలను ఐదో ఫ్రెట్ దగ్గర సరిచూసి, ఆ ఒక్క చోట నాలుగో ఫ్రెట్ దగ్గర సరిచూసేది ఇందుకే. స్కేల్ ఆకారాలు రెండో తీగ దగ్గరకు రాగానే ఒక ఫ్రెట్ పక్కకు జరిగినట్టు కనిపించేదీ ఇందుకే. ఈ కారణం తెలియక చాలామంది ప్రతి ఆకారాన్నీ విడిగా బట్టీ పడతారు. ఒక స్వరానికి పై స్థాయిని వెతకాలంటే, ఆరు నుంచి నాలుగుకూ, ఐదు నుంచి మూడుకూ రెండు ఫ్రెట్లు ముందుకు వెళ్లాలి. నాలుగు నుంచి రెండుకూ, మూడు నుంచి ఒకటికీ మూడు ఫ్రెట్లు ముందుకు వెళ్లాలి.

తార్నాక తాళం
నాకు అభ్యంతరం ఉంది. పైవారు చెప్పిన లెక్కలన్నీ నిజమే, కానీ నలభై నిమిషాలు దొరికే మనిషికి ఈ క్రమం మంచిది కాదని నా అనుభవం. నాకు నేర్పినవారు ఎనిమిది నెలలపాటు ఒకటి-రెండు-మూడు-నాలుగు వేళ్ల అభ్యాసం, స్కేల్స్ తప్ప మరొకటి ఇవ్వలేదు. పాట అడిగితే ఇంకా సమయం ఉందన్నారు. తొమ్మిదో నెలలో గిటార్‌ను సంచిలో పెట్టి బీరువా మీదకు ఎక్కించాను, మూడేళ్లపాటు దించలేదు. ఒక పెళ్లిలో స్నేహితుడు మూడే కార్డులతో అందరి చేతా పాడించడం చూశాకే మళ్లీ దించాను. కుడిచేయి తాళంలో నిలవకపోతే ఎడమచేతికి ఎన్ని పేర్లు తెలిసినా పాట నడవదు. ఆది తాళంలోని ఎనిమిది దెబ్బలు నోటితో లెక్కపెడుతూ, ఎనిమిదో దెబ్బ చివరి సగంలో వేళ్లు కదిలి, ఒకటో దెబ్బకు కొత్త కార్డు సిద్ధంగా ఉండాలి. మియాపూర్ మెట్రో గారికి ముప్పై పాటలు వచ్చు. అది చిన్న విషయం కాదు, దాన్ని పక్కన పెట్టమని ఎవరూ చెప్పకండి.

ఆరో తీగ
పాటలు పక్కన పెట్టమని నేను అనలేదు, కానీ మీ ఎనిమిది నెలల కథ చదివి బాధ కలిగింది, ఆ క్రమం నిజంగా తప్పే. నేను చెప్పే పది నిమిషాల సాధన మిగతా ముప్పై నిమిషాల పాటలకు పనికి రావాలి, లేకపోతే దాన్నీ మానేయవచ్చు.

చిక్కడపల్లి వీణ
నేను వీణ విద్యార్థిని, గిటార్ మా తమ్ముడిది, ఇద్దరం ఒకే గదిలో సాధన చేస్తాం. ఈ చర్చలో అందరూ సి, డి అనే పేర్ల గురించే మాట్లాడుతున్నారు. ఆ పిన్నిగారికి కావలసింది వేరు. ఆవిడ షడ్జమం, అంటే 'స', ఎక్కడ పెట్టినా పాట అదే. పాటలో మూడో కార్డు షడ్జమం నుంచి ఎంత దూరంలో ఉందో తెలిస్తే, షడ్జమం ఎక్కడికి వెళ్లినా ఆ కార్డు దాని వెంటే వెళుతుంది. మీరు పాటను స్థిరమైన పేర్లతో నేర్చుకున్నారు, అందుకే అది సి దగ్గర ఇరుక్కుపోయింది.

వీణకు 24 మెట్లు, వాయించే తీగలు నాలుగు. మేము పాఠాన్ని చాలావరకు ఒకే తీగ మీద పొడవునా వాయిస్తాం కాబట్టి స్వరాల మధ్య దూరం కంటికి కనిపిస్తుంది, చేతికి తెలుస్తుంది. గిటార్‌వారు బాక్సులో అడ్డంగా కదులుతారు కాబట్టి ఆ దూరం దాగిపోతుంది. ఒకసారి ఒకే తీగ మీద మేజర్ స్కేల్ వాయించి చూడండి: ఖాళీ తీగ, రెండు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది, పదకొండు, పన్నెండు. ఇది శంకరాభరణం స్వరస్థానాలు, మేళకర్త రాగాల వరుసలో 29వ మేళం. ఇప్పుడు రెండును ఒకటికీ, తొమ్మిదిని ఎనిమిదికీ దించండి. మన సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ స్వరస్థానాలు వచ్చాయి, అది 15వ మేళం. మా తమ్ముడు ఏడాదిగా స్కేల్స్ వాయిస్తున్నాడు, ఈ రెండు కదలికలు చేసిన రోజున "అక్కా, ఇది మీ స-రి-గ-మ కదా" అని తలెత్తి చూశాడు. అప్పటివరకూ వాడికి స్కేల్ అంటే వేళ్ల వ్యాయామం.

మూసీ మైనర్
చిక్కడపల్లి వీణ గారు, బాక్సులను మరీ తక్కువ చేయకండి. మియాపూర్ మెట్రో గారి చేతిలో ఉన్న ఆ ఐదు బాక్సుల జిరాక్స్ కాగితాన్ని మీ భాషలోనే చదువుకోవచ్చు. సి, డి, ఇ, జి, ఎ అనే ఐదు స్వరాలు తీసుకోండి. సిని షడ్జమం చేస్తే మోహనం. అవే స్వరాలను డి నుంచి మొదలుపెడితే మధ్యమావతి, ఇ నుంచి హిందోళం, జి నుంచి శుద్ధ సావేరి, ఎ నుంచి శుద్ధ ధన్యాసి. ఐదు బాక్సులు, ఐదు మొదలు పెట్టే చోట్లు, ఒకే ఐదు స్వరాలు. మనవారు దీన్ని గ్రహభేదం అంటారు. గిటార్ మీద ఐదో ఫ్రెట్ దగ్గరి మొదటి బాక్సు పట్టుకుని, ఆరో తీగ ఐదో ఫ్రెట్‌ను షడ్జమంగా భావిస్తే ఒక రంగు, చిటికెన వేలు ఉన్న ఎనిమిదో ఫ్రెట్‌ను షడ్జమంగా భావిస్తే మరో రంగు. వేళ్లు మాత్రం కదలవు. వెనుక ఎవరైనా ఒకే స్వరాన్ని నిలిపి పట్టుకుంటే, లేదా ఫోనులో తంబూరా పెట్టుకుంటే ఈ తేడా వెంటనే వినిపిస్తుంది. తంబూరా లేకుండా బాక్సులు వాయిస్తే ఐదూ ఒకేలా వినిపిస్తాయి, ఆ శిక్షణ కేంద్రంలో జరిగింది బహుశా అదే.

చిక్కడపల్లి వీణ
స్వరస్థానాల వరకు మీరు చెప్పినది సరైనదే, నేను ఒప్పుకుంటున్నాను. అయితే రాగం పేరు వాడినప్పుడు ఒక జాగ్రత్త అవసరం. హిందోళంలోని ఐదు స్వరాలను నిలువుగా మీటినంత మాత్రాన హిందోళం అయిపోదు, గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) లేకుండా రాగానికి ప్రాణం రాదు. గిటార్ మీద గమకం అసాధ్యమని మాత్రం నేను అనను. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని ఎంత నిండుగా వినిపించారో మన అందరికీ తెలుసు. అదీ మెట్లున్న వాద్యమే.

తార్నాక తాళం
తంబూరా పెట్టుకుని వాయించమన్న సలహా నాకు నచ్చింది. నా ఎనిమిది నెలల్లో ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే గిటార్ బీరువా ఎక్కేది కాదు.

మియాపూర్ మెట్రో
నిన్న రాత్రి ఆరో తీగ గారి పద్ధతిలో పేర్లు పలుకుతూ కూర్చున్నాను. మధ్యలో ఒక ఆలోచన వచ్చి, రెండున్నరేళ్లుగా వాయిస్తున్న సి మేజర్ కార్డును పట్టుకుని ఒక్కొక్క తీగా విడిగా మీటి పేర్లు రాశాను. ఐదో తీగ మూడో ఫ్రెట్ సి, నాలుగో తీగ రెండో ఫ్రెట్ ఇ, మూడో తీగ ఖాళీగా జి, రెండో తీగ ఒకటో ఫ్రెట్ మళ్లీ సి, ఒకటో తీగ ఖాళీగా మళ్లీ ఇ. మోగేవి ఐదు తీగలు, ఉన్నవి మూడే స్వరాలు. సి, ఇ, జి. స్కేల్‌లో ఒకటి, మూడు, ఐదు. ఇంతకాలం అది మూడు వేళ్ల ఆకారం మాత్రమే అనుకున్నాను. తరువాత ఎ మైనర్ పట్టుకుని అలాగే రాస్తే ఎ, ఇ, ఎ, సి, ఇ వచ్చాయి. రెండు కార్డుల మధ్య సి, ఇ అలాగే నిలిచి, జి స్థానంలో ఎ వస్తోంది. పాటల్లో ఈ రెండూ పక్కపక్కన ఎందుకు అంత హాయిగా ఉంటాయో ఇప్పుడు తెలిసింది. మూడో వేలు ఐదో తీగ నుంచి మూడో తీగకు వెళుతుంది, మిగతా రెండు వేళ్లూ కదలవు. రాత్రి పన్నెండున్నర వరకు ఆ ఒక్క మార్పునే వాయిస్తూ ఉన్నాను.

ఆరో తీగ
చాలా సంతోషం. ఇప్పుడు ఇ మేజర్ పట్టుకోండి, మూడో తీగ ఒకటో ఫ్రెట్ మీద ఉన్న చూపుడు వేలు ఎత్తండి. జి షార్ప్ పోయి జి వచ్చింది, మేజర్ మైనర్ అయింది. కార్డు స్వభావాన్ని నిర్ణయించేది ఆ మధ్య స్వరమే, మన మాటల్లో అంతర గాంధారం సాధారణ గాంధారం కావడం.

కోఠి కీబోర్డు
మీ ఉగాది పాటకు ఇప్పుడు తిరిగి వద్దాం. మీ పాటలోని కార్డులు సి, ఎ మైనర్, ఎఫ్, జి అనుకుంటే, స్కేల్‌లో అవి ఒకటి, ఆరు, నాలుగు, ఐదు. జి మేజర్‌లో అవే స్థానాలు జి, ఇ మైనర్, సి, డి. ఇవన్నీ మీకు వచ్చిన ఓపెన్ కార్డులే. కాపోను (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే బిగింపును) ఒకటో ఫ్రెట్‌కు పెట్టి ఈ నాలుగు ఆకారాలు వాయిస్తే మోగేది జి షార్ప్, అంటే పిన్నిగారి ఐదున్నర. బార్ కార్డు ఒక్కటి కూడా అవసరం లేదు. పాటలను ఇకనుంచి అంకెలతో రాసుకోండి, చిక్కడపల్లి వీణ గారు చెప్పిన షడ్జమం లెక్క ఆచరణలో ఇదే.

నల్లకుంట నైలాన్
గ్రేడు పరీక్షలకు క్లాసికల్ గిటార్ సాధన చేస్తున్నాను, అక్కడ స్కేల్స్ కూడా వాయించి చూపించాలి. స్కేల్ సాధనలో నాకు ఎక్కువ మేలు చేసింది కుడిచేయి. చూపుడు వేలు, మధ్య వేలు మారుతూ మీటాలి, ఒకే వేలు వరుసగా రెండుసార్లు రాకూడదు, తీగ మారేటప్పుడు కూడా. ఆండ్రెస్ సెగోవియా స్కేల్స్‌కు కూర్చిన వేళ్ల క్రమం 1953లో అచ్చయింది, దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. అందులో చేయి ఒకే బాక్సులో ఉండిపోదు, మెడ పొడవునా స్థానాలు మారుతుంది. బాక్సుల నుంచి బయటపడాలనుకునేవారు నెమ్మదిగా అది వాయించి చూడవచ్చు.

సికింద్రాబాద్ సెటప్
అందరూ మెదడు గురించి, వేళ్ల గురించి చెప్పారు. దయచేసి చెక్క సంగతి కూడా చూసుకోండి. నేను ఒక దుకాణంలో కొన్న మొదటి గిటార్‌కు పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగలు ఎంతో ఎత్తుగా ఉండేవి, ఎఫ్ బార్ కార్డు రాక నా వేళ్లదే లోపమని ఏడాది బాధపడ్డాను. స్టీల్ తీగల గిటార్‌కు ఆరో తీగ అక్కడ సుమారు 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే చేతికి అందుతుంది. ఇంకో పరీక్ష: పన్నెండో ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా సగం దగ్గర ఉంటుంది కాబట్టి, అక్కడ తీగను తాకీ తాకనట్టు మీటి వచ్చే హార్మోనిక్‌నూ, నొక్కి మీటిన స్వరాన్నీ పోల్చండి. రెండూ కలవకపోతే మెడ పైభాగంలో వాయించే ప్రతి స్కేలూ అపశ్రుతిగానే వినిపిస్తుంది, చెవి తప్పుగా అలవాటు పడుతుంది. మన ఊళ్లో మే నెల ఎండకూ, తరువాత వానాకాలపు తేమకూ చెక్క కదులుతుంది. కాబట్టి ఏడాదికి రెండుసార్లైనా ఈ పరీక్ష చేసుకోవడం మంచిది. గిటార్‌ను ఏసీ గాలి నేరుగా తగిలే గోడకు వేలాడదీయకండి.

మూసీ మైనర్
ఇది నా గిటార్‌కు ఇప్పుడే చేసి చూశాను. ఆరో తీగ కొంచెం తేడాగా ఉంది. ఆదివారం తీసుకెళ్లి చూపిస్తాను.

మియాపూర్ మెట్రో
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత. ఉదయం మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేవరకూ ఒక తీగ చొప్పున పేర్లు మనసులో చెప్పుకుంటున్నాను. ఆరు, ఐదు, ఒకటో తీగలు ఇప్పుడు తడుముకోకుండా వస్తాయి. ఒకటో తీగకు నేను ప్రత్యేకంగా ఏమీ చేయలేదు, ఆరో తీగ పేర్లే దానికీ సరిపోయాయి. నాలుగో తీగ దగ్గర మాత్రం ఇంకా ఆగుతున్నాను, ఐదో తీగ నుంచి దూరం కొలుచుకుని చెప్పాల్సి వస్తోంది. ముప్పై పాటల్లో పదకొండింటిని అంకెలతో తిరగరాశాను. వాటిలో ఏడు పాటలకు ఒకటి, ఆరు, నాలుగు, ఐదు అనే నాలుగు అంకెలే సరిపోయాయి. సాధన సమయాన్ని తార్నాక తాళం గారి మాట ప్రకారం పాటకే ఎక్కువగా ఇస్తున్నాను. చివరి పది నిమిషాలు తంబూరా పెట్టుకుని ఒకే తీగ మీద శంకరాభరణం.

నిన్న సాయంత్రం పిన్నిగారి ఇంటికి గిటార్ పట్టుకుని వెళ్లాను. కాపో ఒకటో ఫ్రెట్‌కు పెట్టి జి ఆకారంతో మొదలుపెట్టాను. ఆవిడ పల్లవి పాడి, గొంతు సవరించుకుని, "ఇవాళ జలుబుగా ఉంది నాయనా, ఐదుకు దించు" అన్నారు. కాపో తీసి పక్కన పెట్టాను. అంతే చేయాల్సి వచ్చింది, వేళ్లు అలాగే ఉన్నాయి. పాట చివరిదాకా వాయించాను.

ఒక సందేహం మిగిలింది. ఆవిడ నాలుగున్నర అడిగి ఉంటే ఏం చేయాలి? జి ఆకారంతో అంత కిందికి దిగలేను కదా.

కోఠి కీబోర్డు
నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్. కాపో ఆరో ఫ్రెట్‌కు పెట్టి సి ఆకారాలు వాయిస్తే వస్తుంది గానీ, అంత పైన గిటార్ గొంతు సన్నబడి మాండలిన్‌లా వినిపిస్తుంది.

ఆరో తీగ
లేదా కాపో రెండో ఫ్రెట్‌కు పెట్టి ఇ ఆకారాలు వాయించవచ్చు. ఒకటి, ఆరు, నాలుగు, ఐదు అప్పుడు ఇ, సి షార్ప్ మైనర్, ఎ, బి అవుతాయి, వీటిలో రెండు బార్ కార్డులు. సి షార్ప్ ఐదో తీగ మీద ఎన్నో ఫ్రెట్, బి ఎన్నో ఫ్రెట్ అన్నది నేను చెప్పను. రేపు అమీర్‌పేట చేరేలోపు మీరే ఇక్కడ రాయండి.

మియాపూర్ మెట్రో
నాలుగు, రెండు. ఇంకా బాలానగర్ కూడా రాలేదు.